బడికి వెళ్ళేదాకా

జనవరి 13, మంగళవారం

ఈ రోజు ఒకామె వెనక్కి తిరిగింది. రిజిస్టర్లో రాయాల్సింది రాసేశాను. మళ్ళీ ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

మంగళ, శుక్రవారాలు మేం నిలబడే రోజులు. గర్భస్రావాలు చేసే క్లినిక్కు గేటు ఎదురుగా కాలిబాట మీద పసుపు గీత ఉంది. అది దాటకూడదు. అరవకూడదు, బొమ్మలు చూపించకూడదు, ఎవరి చెయ్యీ పట్టుకోకూడదు. ఇద్దరు సిస్టర్లం నిలబడి జపమాల చెప్పుకుంటాం. ఎవరైనా మా వైపు చూస్తే, "కడుపులో బిడ్డ గురించి మాట్లాడాలనిపిస్తే ఇక్కడున్నాం" అంటాం. పదకొండేళ్ళుగా అదే మాట. ఈ మధ్య అది నేనే అంటున్నానా అని కూడా అనుమానం వస్తోంది. పెదవులు కదులుతాయి, మనిషిని ఎక్కడో ఉంటాను.

ఆమె గేటు పక్క బస్టాపు బెంచీ మీద కూర్చుని క్లినిక్కు వాళ్ళ ఫారం నింపుతోంది. పెన్ను రాయలేదు. పెన్నుని తిట్టింది, మన భాషలో. ఈ ఊళ్ళో మన భాష విని ఎన్నాళ్ళయిందో. కాళ్ళు వాటంతట అవే వెళ్ళాయి. నా పెన్ను ఇచ్చాను. క్లినిక్కు ఫారం నింపడానికి పెన్ను ఇచ్చిన సిస్టర్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఇరవై ఏడేళ్ళు. హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పని. పదకొండో వారం. అతను ఓడ మీద పని చేస్తాడట, ఫోను ఎత్తడం మానేశాడట. ఇంటి దగ్గర ఎవరికీ తెలియదు. బిడ్డ అక్కర్లేదని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. పొద్దున ఆరింటికి షిఫ్టు అని మాత్రం మూడుసార్లు అంది.

నలభై నిమిషాలు మాట్లాడాక ఆమె ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

జనవరి 14

పూజలో కునుకు తీశాను. కాన్వెంటు మదర్ చూశారు.

జనవరి 17

నెలవారీ రిపోర్టు రాయడం నా వంతు. "ప్రార్థన వల్ల ప్రభువు ఆమె మనసు మార్చాడు" అని రాశాను. ఎప్పుడూ అలాగే రాస్తాం.

అబద్ధమేమీ కాదు. మనసు మారిన మాట నిజమే. ఎలా మారిందన్నదే కొంచెం వదిలేశాను. ఆమె నన్ను అడిగింది: "కంటాను సరే సిస్టర్. ఆ తర్వాత ఆరు వారాల్లో పనిలో చేరకపోతే నన్ను తీసేస్తారు. పొద్దున ఐదున్నర నుంచి రెండున్నర దాకా బిడ్డనెవరు పట్టుకుంటారు?"

ఇక్కడ పిల్లల్ని చూసుకునే సెంటర్లు ఎనిమిదింటికి గానీ తెరవరు. జవాబు లేనప్పుడు "కాన్వెంటుకి రామ్మా, మదర్తో మాట్లాడదాం" అనాలి. శిక్షణలో మాకు నేర్పేదదే. సిస్టర్ తన సొంతంగా మాటివ్వకూడదు. మాకు సొంత సమయం లేదు, సొంత తాళంచెవి లేదు. విధేయంగా ఉంటామని మాట ఇచ్చేసినవాళ్ళం, ఇంకా ఇవ్వడానికి మా దగ్గర ఏముంటుంది.

"నేను పట్టుకుంటాను. బడికి వెళ్ళేదాకా నేను చూసుకుంటాను. నువ్వు పనికి వెళ్ళు" అన్నాను.

నోరు జారిందంతే. పెద్ద విషయం కాదు. అప్పటికి ఏదో ఒక దారి దొరుకుతుంది.

ఫిబ్రవరి 22

ఆమె గదికి వెళ్ళాను. మెట్ల కింద గది, రెండు మంచాలు. రెండో మంచం ఆమెతో పనిచేసే ఇంకో అమ్మాయిది. గదంతా సబ్బుపొడి వాసన. రోజంతా ఉతికి వచ్చి మళ్ళీ ఎందుకు ఉతుకుతావని అడిగితే, హోటలు వాళ్ళవి తెల్లవి, నావి రంగువి, చూడటానికి మార్పుగా ఉంటుంది అంది.

వాంతులు తగ్గాయట. స్కానింగు కాగితం చూపించింది. ఇదిగో తల అంది. నాకు మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. చాలా బాగుంది అన్నాను.

వచ్చేటప్పుడు "అక్కా, జాగ్రత్తగా వెళ్ళండి" అంది. ఇరవై నాలుగేళ్ళుగా అందరికీ సిస్టర్నే. సిస్టర్ అన్నా అక్క అన్నా చుట్టరికం ఒకటే, అయినా బస్సులో కూర్చుని అదే అనుకుంటూ నేను దిగాల్సిన స్టాపు దాటి పోయాను.

మార్చి 29

మా సిస్టర్ల సభ పత్రికలో నా రిపోర్టు అచ్చేశారు. "బస్టాపు దగ్గర ఒక అద్భుతం" అని పేరు పెట్టారు. ప్రధాన కార్యాలయంలో పెద్ద మదర్ దాన్ని భోజనాల గదిలో అందరి ముందూ చదివించారట. వంట సిస్టర్ గరిటె పట్టుకుని నాకు దండం పెట్టింది, ఇక నీకు విగ్రహం కట్టడమే తరువాయి, ముందు ఆ కూరగాయలు తరుగు అంది. నవ్వాను. నవ్వాల్సిన చోట నవ్వడం ఇంకా మర్చిపోలేదు.

ఏప్రిల్ 24

నిలబడ్డాం. ఎవరూ ఆగలేదు. వాన.

జూన్ 2

మధ్యాహ్నం భోజనం అయ్యాక మదర్ అందరినీ ప్రార్థన గదికి రమ్మన్నారు. బదిలీ కాగితం వచ్చినప్పుడు అలాగే పిలుస్తారు. పేరు చదివేదాకా ఎవరికో తెలియదు. పేరున్నవాళ్ళు లేచి మోకరించి "ప్రభువుకి స్తోత్రం" అనాలి. ప్రశ్న ఉండదు. ఒక పెట్టె, అందులో పట్టినంతే.

నా పేరు చదివారు. వేరే దేశం. అక్కడ ఇలాంటి పని కొత్తగా మొదలుపెడుతున్నారు, అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. పత్రికలో కథ చదివి పెద్ద మదరే నన్ను ఎంచుకున్నారట. సెప్టెంబర్ 12న ప్రయాణం.

మోకరించాను. స్తోత్రం అన్నాను. ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడమే మంచిదని కొత్తలో మాకు శిక్షణ ఇచ్చిన నోవిషియేట్ మదర్ చెప్పేవారు. ఆమె చెప్పింది దీని గురించి కాదేమో.

జూన్ 3

ఆమెకి ఆగస్టు మొదట్లో డేటు. సెప్టెంబర్ 14న మళ్ళీ షిఫ్టు. నేను 12న వెళ్తాను. మధ్యలో ఒక ఆదివారం ఉంది. ఆ ఆదివారంతో ఏం చేయాలి.

జూన్ 5

మదర్ని అడిగాను. సూటిగా కాదు. ఆ లాండ్రీ అమ్మాయికి బిడ్డ పుట్టాక మన ఇంట్లో పగటిపూట ఉంచుకోవచ్చా అని అడిగాను. మదర్ చల్లటి మనిషి, వెంటనే కాదనలేదు. పసిపిల్లల్ని ఉంచడానికి మనకి లైసెన్సు లేదు, తనిఖీ వాళ్ళు వస్తే మొత్తం ఇల్లే మూసేస్తారు, నీకు తెలియంది కాదుగా అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి నా మొహంలోకి చూశారు.

"ఆ అమ్మాయికి నువ్వేమైనా మాటిచ్చావా?"

"లేదు మదర్."

ఎంత తేలిగ్గా వచ్చిందో. నీళ్ళు కూడా నమల్లేదు.

జూన్ 7

వెళ్ళాను. చెప్పలేదు. ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి. ఇలాంటప్పుడు చెప్పడం న్యాయం కాదు. పైగా బదిలీ సంగతి బయటివాళ్ళకి చివరి వారం దాకా చెప్పకూడదని మా నియమం. ముందే చెబితే ఇరువైపులా బాధ అని. నేను నియమం పాటిస్తున్నాను.

జూన్ 14

చెప్పలేదు.

జూన్ 21

చెప్పలేదు. రెండో మంచం అమ్మాయి గదిలోనే ఉంది.

జూన్ 28

ఆమె గోడకి ఒక కాగితం అంటించింది. సెప్టెంబర్ 14 నుంచి వారాలు గీసుకుంది. షిఫ్టు ఉన్న ప్రతి గడిలో "అక్క" అని రాసుంది. అక్క, అక్క, అక్క, అక్క, అక్క. ఆదివారం గడి ఖాళీ. ఆదివారాలు మీకు పూజ ఉంటుందిగా, ఆ రోజు నేను సెలవు పెట్టుకున్నాను అంది.

చాలా చక్కగా గీశావు అన్నాను. అవును, అదే అన్నాను.

జూలై 12

పాల సీసాలు రెండు కొన్నదట. ఏ మూత ఎలా తిప్పాలో నాకు నేర్పించింది. నాకు రాలేదు. బిడ్డల కోసం పదకొండేళ్ళు రోడ్డు మీద నిలబడిన మనిషికి సీసా మూత పెట్టడం రాదని ఆమె పడీ పడీ నవ్వింది. మూడోసారికి వచ్చింది. ఈ రోజు ఎలా చెప్పను.

జూలై 30, గురువారం

పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం.

హాస్పిటల్లో రాత్రంతా ఆమె పక్కన నేనే ఉన్నాను, మదర్ అనుమతి ఇచ్చారు. నొప్పులప్పుడు ఆమె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఇప్పుడు పెన్ను పట్టుకుంటే కూడా వేళ్ళు నొప్పెడుతున్నాయి. తెల్లారాక నర్సు పాపని తుడిచి ముందుగా నా చేతుల్లో పెట్టింది, ఆమెకి కుట్లు వేస్తున్నారని.

చూశాను. ఇదే కదా, ఇన్నేళ్ళూ దేని గురించి మాట్లాడానో అది. నల్లటి జుట్టు, ముడుచుకున్న మొహం. నాకు కన్నీళ్ళు రావాలి. నర్సు కూడా వస్తాయనే చూస్తోంది. రాలేదు. బరువు ఎంత అని అడిగాను.

ముక్కు మాత్రం ఆ ఓడ మనిషిదే అని ఆమె నిట్టూర్చింది. ఆ తర్వాత, మీరు లేకపోతే ఇది లేదక్కా అంది. మదర్ కూడా ఫోనులో అదే అన్నారు. రెండుసార్లూ తలాడించాను.

ఆగస్టు 9

చెప్పలేదు.

ఆగస్టు 16

చెప్పలేదు. పాపకి కడుపునొప్పి.

ఆగస్టు 23

వంట సిస్టర్ నా పెట్టె అటక మీంచి దింపి తుడిచి పెట్టింది. అంత చిన్న పెట్టెలో ఇంత పెద్ద సెయింటు ఎలా పడుతుందో అంది. నేను నవ్వకపోయేసరికి మొహం చూసి, ఏమైందని అడిగింది. తలనొప్పి అన్నాను. టీ పెట్టిచ్చింది. తాగాను. వేడిగా ఉందో లేదో గుర్తులేదు.

ఆగస్టు 30

చెప్పేశాను.

అనుకుని కాదు. ఆమె షిఫ్టు మేనేజరుకి ఫోను చేసి, పద్నాలుగున తప్పకుండా వస్తాను, పాపని చూసుకోవడానికి మనిషి ఉంది అని చెబుతోంది. ఫోను పెట్టేయగానే నా నోట్లోంచి వచ్చేసింది. నన్ను వేరే దేశం పంపిస్తున్నారమ్మా. పన్నెండున.

ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. దేవుణ్ణి తిడుతుందనుకుని దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె పాపని భుజం మార్చుకుని ఒక్కటే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"జూన్లో."

"జూన్లో ఎప్పుడు?"

"రెండో తారీఖు."

ఆమె గోడ మీది కాగితం వైపు చూసింది. లెక్క వేసుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"జూన్లో చెప్పుంటే ఇంకెవరినైనా వెతుక్కునేదాన్ని. మధ్యాహ్నం షిఫ్టుకి మార్చమని అడిగేదాన్ని, అప్పుడు రెండు ఖాళీలున్నాయి. నాకు మూడు నెలలు టైముండేది అక్కా. మీరు వెళ్తున్నందుకు కాదు నా బాధ. ఆ మూడు నెలలూ మీ దగ్గర పెట్టేసుకున్నారు."

నేను దేవుడి గురించి సిద్ధం చేసుకున్న జవాబు ఇక్కడెక్కడా పనికిరాలేదు.

పాపని నా చేతుల్లో పెట్టి చెప్పులేసుకుంది. భవనంలో ప్రతి తలుపూ అడిగి వస్తాను అంది. మూడు గంటలు. పాప రెండుసార్లు తడిపింది, ఒకసారి సీసా పట్టాను. ఆమె వచ్చేటప్పటికి మొహం పీక్కుపోయి ఉంది. మూడో అంతస్తులో ఒక ముసలావిడ సరేనందట కానీ ఆవిడకే చూపు ఆనదట. మిగతావాళ్ళు తలుపు సగమే తెరిచారట.

నేను లేచాను. ఆమె వెళ్ళొద్దనలేదు, మళ్ళీ రమ్మనీ అనలేదు.

ఆగస్టు 31

నిద్ర లేదు. ప్రార్థన కూడా లేదు. ఉందని రాసుకోవడం ఎందుకు.

సెప్టెంబర్ 1

క్లినిక్కు ముందు నిలబడే రోజు. వెళ్ళలేదు. మదర్ గదికి వెళ్ళి తలుపేశాను. నిలబడే చెప్పాను, జనవరిలో ఏమన్నానో, రిపోర్టులో ఏం రాయలేదో, జూన్లో ఆవిడ మొహం మీదే ఎలా అబద్ధమాడానో.

మదర్ బల్ల మీది కాగితాలు సర్దారు. తర్వాత తప్పు చేశావు అన్నారు. నీది కాని మాట నువ్విచ్చావు అన్నారు. కానీ మేలు జరిగింది కదా, ఆ పాప బతికుంది, ప్రభువు మన తప్పుల్ని కూడా వాడుకుంటాడు, ఇక ఆ భారం ఆయన మీద వేసి నువ్వు ప్రయాణానికి సిద్ధమవు అన్నారు. ఆవిడ నన్ను ఓదారుస్తున్నారు, నిజంగానే.

"నువ్వు లేకపోతే ఆ బిడ్డ లేదమ్మా" అన్నారు.

"నేను ఉంటానన్నందుకే ఉంది మదర్."

ఆవిడ కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు. కిటికీ బయట బస్సులు పోతున్నాయి. మనం వీధిలో నిలబడి వందలమందికి ఇక్కడున్నాం అని చెబుతాం, ఎవరైనా నమ్మితే ఏం చేయాలో మన నియమావళిలో ఎక్కడా లేదు మదర్ అన్నాను. గట్టిగా అన్నానేమో, బయట వరండాలో తుడుస్తున్న చప్పుడు ఆగింది. కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు. నా మీదే అయి ఉంటుంది.

చివరికి మదర్ ఒక మాట చెప్పారు. సభ వదలకుండా కాన్వెంటు బయట ఉండటానికి ఏడాది దాకా అనుమతి అడగొచ్చు. తల్లో తండ్రో మంచాన పడితే అడుగుతారు. దీనికి ఇస్తారో లేదో చెప్పలేను. ఇచ్చినా కాన్వెంటులో గది ఉండదు, పూజకి అందరిలాగా బయట నుంచి రావాలి. ఏడాది తర్వాత తిరిగి తీసుకుంటారా అన్నది పెద్ద మదర్ ఇష్టం. ఇరవై నాలుగేళ్ళు, బాగా ఆలోచించుకో అన్నారు.

మధ్యాహ్నమే రాసి ఇచ్చాను. ఆలోచిస్తే రాసేదాన్ని కాదు.

సెప్టెంబర్ 6

జవాబు లేదు. ఆమె గదికి వెళ్ళాను. తలుపు తీసింది. అనుమతి సంగతి చెప్పలేదు. రానిదాని గురించి ఇంకొక మాట చెప్పదలచుకోలేదు. పాప బట్టలు ఉతికి ఆరేసి వచ్చాను. ఆమె ఈసారి ఒక్కమారైనా అక్కా అనలేదు. గోడ మీది కాగితం తీసేసింది, జిగురు మచ్చలు నాలుగున్నాయి.

సెప్టెంబర్ 10

జవాబు లేదు. వంట సిస్టర్ ఏమీ అడగకుండా పెట్టెని మళ్ళీ అటక మీదికి ఎక్కించబోయింది. వద్దన్నాను. ఎటు వెళ్ళినా పెట్టె కావాలి.

సెప్టెంబర్ 11

సాయంత్రం వచ్చింది. ఏడాది. ఒక్క రోజు ఎక్కువ కాదు. కింద ప్రధాన కార్యాలయం ముద్ర. మదర్ చదివి నా చేతికిచ్చి, నా నుదుటి మీద శిలువ గుర్తు వేశారు. ఆవిడ వేలు చల్లగా ఉంది. అది తెలిసింది నాకు.

మా చర్చి ఫాదర్ గారు చర్చి వెనక స్టోరు గది ఖాళీ చేయించి ఇస్తామన్నారు. కిటికీ లేదు, మంచం ఉంది.

సెప్టెంబర్ 13, ఆదివారం

పెట్టె స్టోరు గదిలో పెట్టి తిన్నగా ఆమె దగ్గరికి వెళ్ళాను. రేపే షిఫ్టు. ఆమె ఇంకా ఎవరినీ కుదుర్చుకోలేకపోయింది. మానేస్తున్నానని మేనేజరుకి చెప్పడానికి ఫోను చేతిలో పట్టుకుని కూర్చుంది, పాప ఒళ్ళో.

రేపటి నుంచి నేనొస్తాను అన్నాను. జరిగిందంతా చెప్పాను.

ఆమె సంతోషపడలేదు. నన్ను కింద నుంచి పైదాకా చూసింది, దుప్పటి మీద మరక పోయిందో లేదో చూసేటప్పుడు చూస్తుందే, అలా. లేచి, ఒక కాగితం, పెన్ను తెచ్చి మంచం మీద పెట్టింది.

"రాసివ్వండి."

సరే అన్నాను. కూర్చున్నాను. ఏ పేరుతో రాయాలో తెలియలేదు. సిస్టర్ పేరుతో నేను ఏ మాటా ఇవ్వలేను, అది సభ పేరు. ఇంట్లో మా అమ్మానాన్నలు పెట్టిన పేరు రాశాను. ఇరవై నాలుగేళ్ళ తర్వాత. భయం వేసింది. ఏదైనా తప్పు చేస్తే ఇక చెప్పుకోవడానికి నియమం లేదు, మదర్ లేరు, పైనుంచి వచ్చిన కాగితం లేదు. ఇంత భయం వేసి ఎన్నేళ్ళయిందో. పాప చప్పరించడం వినిపిస్తోంది, గదిలో సబ్బు వాసన ముక్కుకి తగులుతోంది, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఏడ్చాను. ఆమె ఏడవద్దని అనలేదు, కాగితం తడవకుండా కొంచెం పక్కకి జరిపింది.

"పాపని బడికి వెళ్ళేదాకా" అని రాస్తుంటే ఆమె నా భుజం మీంచి చదివింది.

"మీకు ఎన్నాళ్ళకి ఒప్పుకున్నారు?"

"ఏడాదికి."

"మరి బడికి వెళ్ళేదాకా అని రాస్తారేంటి? కొట్టేయండి. ఏడాది అని రాయండి."

కొట్టేశాను. ఏడాది అని రాశాను, తారీఖు వేశాను. ఆమె రెండుసార్లు చదువుకుని, మడిచి, దిండు కింద పెట్టుకుంది.

"ఐదూ పాతికకల్లా రావాలి అక్కా. నా బస్సు ఐదున్నరకి."